వాలు మీద తేనెటీగల ట్రక్కు

అమెరికా నుంచి తిరిగొచ్చిన మొదటి వారంలో మా కాలేజీ స్టాఫ్ రూములో అందరూ అడిగింది ఒకటే. "నయాగరా చూశారా మేడమ్?" చూడలేదు. "స్వేచ్ఛా విగ్రహం?" అదీ చూడలేదు. "మరి ఆర్నెల్లు ఏం చూశారండీ?" అంటే, "నెవాడా ఎడారిలో ఒక చిన్న ఊళ్ళో ట్రక్కు కింద వెల్లకిలా పడుకుని దాని అడుగుభాగం చూశాను" అన్నాను. హాస్యమాడుతున్నాననుకుని నవ్వారు. నిజమే చెప్పాను. అక్కడ నేను చూసినవాటిలో నన్ను నోరు తెరిచేలా చేసినవన్నీ ఆ ట్రక్కు వల్లనే చూశాను. ఆ మూడు రోజుల ప్రయాణం గురించి రాయమని మా ప్రిన్సిపాల్ గారు అడిగితే ఇది రాస్తున్నాను.

నేను వ్యవసాయ కళాశాలలో కీటకాల పాఠం చెబుతాను. తేనెటీగల పెంపకంలో శిక్షణ కోసం కాలిఫోర్నియా పంపించారు. అక్కడ మా భాస్కరం బాబాయి ఉన్నాడు. మా నాన్నగారి ఆఖరి తమ్ముడు. నేలల శాస్త్రం చదవడానికి వెళ్ళి, చదువయ్యాక కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, అది మానేసి తేనెటీగల పెట్టెలు కొనుక్కున్న మనిషి. పెళ్ళి చేసుకోలేదు. "నా సంసారం ఈ పెట్టెల్లోనే ఉందమ్మా, ఒక్కోదానికి ఒక్కో రాణి" అంటాడు.

మనవైపు గొర్రెల కాపరులు పచ్చిక వెతుక్కుంటూ మందల్ని తోలుకుపోతారు కదా. అక్కడ తేనెటీగల్నీ అలాగే తోలుకుపోతారు. ఫిబ్రవరిలో బాదం తోటలకు, ఏప్రిల్లో నారింజలకు, వేసవి వచ్చేసరికి ఉత్తరాన మోంటానా గడ్డి మైదానాలకు. నా శిక్షణ ముగిసిన వారమే బాబాయి మోంటానాకు బయల్దేరుతున్నాడు. "రా అమ్మాయ్, క్లాసులో చెప్పనిది చూద్దువుగాని" అన్నాడు. వెళ్ళాను.

నారింజ తోటలో సాయంత్రం

తోట విసేలియా ఊరి అవతల ఉంది. పూత రాలిపోతున్న కాలం. నేల మీద తెల్లని రేకులు, గాలంతా తీపి. పొద్దు వాలి, ఈగలన్నీ పెట్టెల్లోకి చేరాకనే ట్రక్కు నింపాలి. ఒక్కటి కూడా బయట మిగలకూడదు. పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, తాళ్ళు బిగించి, పైన పెద్ద వల కప్పాం. వల మీద చెవి ఆనిస్తే లోపల్నుంచి సముద్రపు హోరులాంటిది వినబడింది. మా ఊరు సముద్రానికి దగ్గరే కాబట్టి ఆ పోలిక నాకు ఊరికే రాలేదు.

ట్రక్కు పాతది. రెండు టన్నుల బండి. సీటు పక్కన హ్యాండ్ బ్రేకు కడ్డీ ఒకటి నిలబడి ఉంది. బాబాయి దాన్ని పైకి లాగితే అది కిర్రు కిర్రుమంటూ సీటు వెనక్కి ఒరిగిపోయేంత వచ్చింది.

"కడ్డీ ఇంత పైకి రావాలా బాబాయ్?" అన్నాను.

"కేబులు సాగింది. కడ్డీ చివర ఈ గుబ్బ తిప్పుతూ ఉంటే బిగుస్తుంది. మూడేళ్ళ నుంచీ తిప్పుతూనే ఉన్నా. నమ్మకం లేనప్పుడు గేర్లో పెట్టి ఆపుతా." ఒక చెక్కముక్క నా ఒళ్ళో పెట్టాడు. "ఆగిన చోటల్లా దిగి ఇది చక్రం కింద పెట్టడం నీ డ్యూటీ."

మన లారీల్లో క్లీనరు చేసే పని. అమెరికా వచ్చి క్లీనర్నయ్యాను.

డోనర్ కనుమ

తెల్లవారేసరికి కొండల మీద ఉన్నాం. కళ్ళు తెరిచి చూస్తే రోడ్డుకు రెండు పక్కలా నా ఎత్తున తెల్లని గోడలు. మే నెల. మా ఊళ్ళో ఆ వేళకి రోహిణి కార్తె భయంతో జనం తలుపులు మూసుకుని ఉంటారు. ఇక్కడ ఎండా ఉంది, మంచూ ఉంది. రెండూ ఒకచోట ఉండొచ్చని నాకు తెలీదు.

"ఆపు బాబాయ్, ఒక్కసారి ముట్టుకుంటాను."

ఆపాడు. నేను చెప్పుల్తోనే దిగి, చెక్క పెట్టి, మంచులోకి పరిగెత్తాను. చేతిలోకి తీసుకుంటే ముందు ఇసుకలా ఉంది, తర్వాత కాలింది. చల్లదనం కూడా కాలుతుందని చదివాను గానీ నమ్మలేదు. కొంచెం నోట్లో వేసుకున్నాను కూడా. చుట్టూ దేవదారు చెట్లు, ఒక్క ఆకు కదలడం లేదు. అంత పెద్ద నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఆ నిశ్శబ్దంలోనే వెనక ట్రక్కు మూలిగింది. తిరిగి చూస్తే చెక్కకు ఆనుకుని వెనక్కి ఒరిగి ఉంది.

"గేర్లోనే ఉందిలే, ఎక్కు" అన్నాడు బాబాయి. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం చూశాను. అంత ధీమాగా ఏమీ లేదు.

కప్పు ఖాళీ కానివ్వరు

కొండలు దిగితే నెవాడా. మనకు ఎడారంటే ఇసుక. ఇది వేరు. బూడిదరంగు పొదలు, దూరంగా ఊదారంగు కొండల వరసలు, ఒక వరస దాటితే మళ్ళీ అంతే వెడల్పు మైదానం, మళ్ళీ వరస. గంట సేపు పోయినా ఒక్క ఇల్లు లేదు, ఒక్క మనిషి లేడు. మనకు రోడ్డు మీద ఎక్కడాగినా నాలుగు నిమిషాల్లో నలుగురు చేరతారు. ఇక్కడ కళ్ళు పోయినంత మేరా ఖాళీ. మొదట భయం వేసింది. తర్వాత ఆ భయమే ఎలా మారిందో తెలీదు, గుళ్ళో గర్భగుడి ముందు నిలబడ్డట్టు మాట్లాడకుండా కూర్చున్నాను.

దారిలో ఒక చిన్న హోటల్లో కాఫీ తాగాం. కప్పు అర డాలరు. డాలరుకు పది చొప్పున ఐదు రూపాయలు! మా స్టేషన్ దగ్గర ముప్పావలాకు వస్తుంది. కానీ ఇక్కడ కప్పు ఖాళీ అయితే చాలు, అడక్కుండానే మళ్ళీ నింపుతారు. ఎన్నిసార్లయినా ఒకటే ధర. నేను మర్యాదకు వద్దనలేక నాలుగు కప్పులు తాగి, కప్పు మీద చెయ్యి అడ్డం పెడితే పొయ్యరని ఆలస్యంగా తెలుసుకున్నాను. మాంసం లేని వంటకమేదైనా ఉందా అంటే వడ్డించే ఆవిడ బాగా ఆలోచించి, "కోడి ఉంది" అంది. బాబాయి చేసి తెచ్చిన పులిహోర బండిలో తిన్నాం.

కదిలిన బండి

మధ్యాహ్నానికి ఒక ఊరు చేరాం. ఊరంటే ఒకటే వీధి, అది కూడా కొండ వాలు మీద. ఎగువన పెట్రోలు బంకు, పక్కనే చిన్న మెకానిక్ షెడ్డు, దాని ముందు కొట్టు. దిగువన పోస్టాఫీసు. దాని ముందు బెంచీ మీద ఇద్దరు పెద్దవాళ్ళు కూర్చుని ఉన్నారు.

పెట్రోలు కొట్టించాక బాబాయి బండిని రోడ్డు పక్కన ఆపి, నీళ్ళ సీసాల కోసం కొట్లోకి వెళ్ళాడు. ఆపితే వేడెక్కిన ఇంజను మళ్ళీ స్టార్టు కాదని నడుస్తూనే ఉంచాడు. ఇంజను నడుస్తూంటే గేర్లో పెట్టడం కుదరదు. న్యూట్రల్లో పెట్టి, బ్రేకు కడ్డీ పూర్తిగా లాగాడు. నేను చెక్క పెట్టి వచ్చి మళ్ళీ సీట్లో కూర్చున్నాను.

ముందు కిటికీలోంచి కనబడే టెలిఫోను స్తంభం మెల్లగా జరిగింది. స్తంభం ఎందుకు జరుగుతోందని ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాను. కింద గులకరాళ్ళు చిటపటలాడాయి. చెక్క జారిపోయింది. బండి పోతోంది.

బెంచీ మీది వాళ్ళిద్దరూ ఇటు చూడటం లేదు. మా కాలేజీ జీపు నడిపే అలవాటు నన్ను అటు తోసింది. డ్రైవరు సీట్లోకి దొర్లి, రెండు కాళ్ళతో బ్రేకు మీద లేచి నిలబడ్డాను. బండి ముక్కు దించి, గట్టిగా ఊగి, రోడ్డు పక్క చెట్టు కొమ్మను రాసుకుంటూ ఆగింది. కొమ్మ విరిగింది. వెనక వల పర్రుమని చిరిగింది. బెంచీకీ మాకూ మధ్య మా ఇంటి వసారా అంత దూరం ఉంది.

బండి ఆగినా పెడలు వదల్లేదు. బాబాయి పరిగెత్తుకుంటూ వచ్చి నా పక్క నుంచి ఎక్కి, గేరు వేసి, ఇంజను ఆపాడు. "వదులమ్మా, ఇంక వదులు" అంటూ నా మోకాళ్ళు పట్టుకుని ఎత్తి తీశాడు. తర్వాత స్టీరింగు మీద తల పెట్టుకుని, "నీకేమన్నా అయ్యుంటే మా అన్నయ్యకు నా మొహం ఎలా చూపించేవాణ్ణే" అన్నాడు.

అప్పటికే ఈగలు బయటికొస్తున్నాయి. చిరిగిన చోటు నుంచి పొగలా లేచాయి. వీధిలో తలుపులు టపటపా మూసుకున్నాయి.

షెరీఫు ఆఫీసు ఉద్యోగి ఒకాయన, అక్కడి పోలీసన్నమాట, కారు దిగకుండా అద్దం రెండు వేళ్ళ మేర దించి మాట్లాడాడు. అరవలేదు. "అయ్యా, ఈ బండి ఇదే వాలు మీద న్యూట్రల్లో, బ్రేకు మీద మాత్రమే నిలబడటం నేను చూడాలి. అంతదాకా ఊరు దాటనివ్వలేను."

బాబాయి తలూపి, మెకానిక్ షెడ్డు వైపు నడిచాడు.

లొరైన్ గారి షెడ్డు

కొట్టు నడిపే ఆవిడ పేరు లొరైన్. అరవై ఏళ్ళుంటాయి, మగవాళ్ళ చొక్కా, నెరిసిన జడ. షెడ్డు ఆవిడ భర్తది. ఆయన చేపలు పట్టడానికి కొండల్లోకి పోయాడు, వారం దాకా రాడు. మేం అడగకముందే తాళంచెవి బాబాయి చేతిలో పెట్టింది. "పనిముట్లన్నీ గోడకున్నాయి. ఎక్కడ తీసింది అక్కడ పెట్టకపోతే మాత్రం ఆయన నన్ను బతకనివ్వడు."

బండిని గేరు మీద, పాదం బ్రేకు మీద మెల్లగా ఎక్కించి షెడ్డు పక్కన చదునుగా ఉన్న పెరట్లో నిలిపాం. ఎండ మండుతోంది. కదిలే బండిలో ఈగలకు గాలి తగులుతుంది. ఆగిన బండిలో పెట్టెలు పొయ్యిల్లా వేడెక్కి, మైనం కరిగి, లోపలున్నవన్నీ చచ్చిపోతాయి. బాబాయి ఏడాది కష్టమంతా ఆ వల కింద ఉంది.

"నీళ్ళు కావాలి" అన్నాను లొరైన్‌తో. "వాన పడ్డట్టు పైనుంచి చల్లాలి."

ఆవిడ రబ్బరు గొట్టం తెచ్చింది. అది చాలలేదు. ఫోను చేసింది. కాసేపటికి మూసుకున్న తలుపుల్లోంచి ఒక్కొక్కరే గొట్టాలు చుట్టలు చుట్టుకుని వచ్చారు. ఒకావిడ తలకు కిటికీ పరదా చుట్టుకుంది. ఇద్దరు భార్యాభర్తలు చలికాలపు కోట్లు తొడుక్కుని వచ్చారు, ఆ ఎండలో! గొట్టానికి గొట్టం తగిలించి, మా పెట్టెల మీద వంతులవారీగా నీళ్ళు చల్లారు. ఎవరూ మా పేరడగలేదు, ఊరడగలేదు. నేను కృతజ్ఞత చెప్పబోతే ఒకాయన, "ఇవాళ ఇక్కడ ఇంకేం పని లేదులెండి" అన్నాడు.

నా కనురెప్ప మీద ఒక ఈగ కుట్టింది. కీటకాల పాఠం చెప్పే మేడమ్ మొహం పూరీలా పొంగింది. లొరైన్ సోడా ఉప్పు ముద్ద చేసి పెట్టింది. తర్వాత కథంతా ఒంటి కంటితో చూసిందే.

డ్రమ్ములో నూనె

బాబాయి ముందు తనకు తెలిసిందే చేశాడు. కడ్డీ చివరి గుబ్బ బిగించాడు. అది చివరికి వచ్చేస్తే కిందకి దూరి కేబులు మరను కూడా బిగించాడు. ఇప్పుడు కడ్డీ సగం లాగితేనే గట్టిగా పట్టింది. "అదిగో" అన్నాడు. నలుగురం కలిసి వెనక నుంచి తోశాం. బండి పట్టు దొరకనట్టు మెత్తగా జారింది.

కడ్డీ బిగుసుకుంది, బండి మాత్రం నిలవలేదు. కేబులు సరిగ్గానే లాగుతోందన్నమాట. అది లాగిన చోట పట్టు లేదు. అక్కడ నాకు మా కాలేజీ జీపు గుర్తొచ్చింది. ఈ ట్రక్కులోలాగే మన జీపుల్లో కూడా హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. గేరుబాక్సు వెనక, వెనక చక్రాలను తిప్పే పొడుగాటి షాఫ్టు మొదట్లో ఒక డ్రమ్ము ఉంటుంది. దాన్ని పట్టుకుంటుంది. మా జీపు ఓసారి ఇలాగే మొరాయించింది.

"బాబాయ్, ఆ డ్రమ్ము అడుగున చేత్తో తడిమి చూడు. తడిగా ఉందా?"

నేనూ ఆయన పక్కనే వెల్లకిలా దూరాను. ఆయన చెయ్యి బయటికి తీస్తే మోచేతి దాకా నల్లని నూనె కారింది. గేరుబాక్సు వెనక రబ్బరు సీలు పోయి, నూనె కారి, డ్రమ్మును పట్టే బ్రేకు లైనింగు పట్టీలను నానబెట్టేసింది. సబ్బు రాసిన చేత్తో గాజుగ్లాసు పట్టుకోవడమే. ఎంత బిగించినా అంతే.

"మూడేళ్ళు కేబులును తిట్టాను" అన్నాడు బాబాయి.

అప్పుడు బండి పక్కన రెండు పాత బూట్లు కనబడ్డాయి. పైనుంచి గొంతు: "నన్ను చంపబోయిన బండి ఇదేనా?"

బెంచీ మీది ఇద్దరిలో ఒకాయన. పేరు హార్లన్, పశువుల ఆసామి. మోకాళ్ళు వంగవు కాబట్టి నిలబడే మాట్లాడాడు. "దీని తమ్ముడు, ఇలాంటి పాత బండే, మా కొట్టంలో ఉంది. దానికోసం కొన్న సీలూ, లైనింగులూ వాడకుండానే పడి ఉన్నాయి. తమ్ముడు ముందే చచ్చాడు."

అరగంటలో తెచ్చాడు. బాబాయి వెనక చక్రం ఒకటి జాకీ మీద ఎత్తబోతే హార్లన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒక చక్రం గాల్లోకి లేచిందంటే అది దాని ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. నేల మీదున్న రెండోది బండిని పోనిస్తుంది. షాఫ్టు బ్రేకు ఉన్నా లేనట్టే. ముందు నాలుగు చక్రాలకూ దుంగలు పెట్టండి." పెట్టాం. నమ్మకం కోసం లొరైన్ ఎక్కి పాదం బ్రేకు నొక్కిపట్టుకుని కూర్చుంది, ఒళ్ళో అల్లిక పెట్టుకుని.

షాఫ్టు విప్పి, డ్రమ్ము ఊడదీసి, కొత్త సీలు కొట్టి, జిడ్డంతా పెట్రోలుతో కడిగి ఆరబెట్టి, కొత్త లైనింగులు వేశాం. ఆ తర్వాతది నా చేతి పని. ముందు బాబాయి బిగించిన కేబులంతా వదులు చేయాలి. డ్రమ్ముకున్న సందులోంచి స్క్రూడ్రైవరు పెట్టి లోపలి పళ్ళచక్రాన్ని ఒక్కో పన్నూ తిప్పుతూ, డ్రమ్ము చేత్తో తిరగనంత బిగించి, మళ్ళీ ఎక్కడా రాసుకోకుండా తిరిగేదాకా వదలాలి. చివర్న కేబులు. బాబాయి పైనుంచి కడ్డీ లాగుతూ "ఇంకొంచెం... చాలు" అనేవాడు, నేను కింద మర తిప్పేదాన్ని.

పని మధ్యలో హార్లన్ అడిగాడు, "మీ దేశంలో ఈగల్ని ఇలా బండ్ల మీద తిప్పుతారా?" లేదన్నాను. మా కొండల్లో పెద్ద ఈగలు బండరాళ్ళ అంచున మనిషంత పట్లు పెడతాయనీ, కొండ మీది జనం తాడు మెట్లు కట్టుకుని వేలాడుతూ, పొగ పెట్టి, తేనె కోస్తారనీ చెప్పాను. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "తాడు మీదా?" అని రెండుసార్లు అడిగాడు. వాళ్ళ దేశంలో నేను ఆశ్చర్యపోవడమే అలవాటయ్యింది. మన దేశం విని ఒకరు అలా నిలబడిపోవడం ఆ రోజే చూశాను.

ఇంటికి చేరే వేళ

బండి సిద్ధమైంది గానీ కదపడానికి వీల్లేదు. వేల ఈగలు బయట తిరుగుతున్నాయి. అవి పెట్టెలున్న చోటును గుర్తుపెట్టుకుని వెళ్ళాయి. అదే చోటికి వస్తాయి. బండి అక్కడ లేకపోతే గాల్లో తిరిగి తిరిగి చస్తాయి. బాబాయి పోలీసాయనకు ఈ మాట చెబితే, ఆయన కారు దిగి, లొరైన్ కొట్టు మెట్ల మీద కూర్చుని, "అయితే చూద్దాం" అన్నాడు.

పడమటి కొండల మీంచి ఎండ అడ్డంగా పడింది. ముందు ఒకటీ అరా వచ్చాయి. తర్వాత దారాల్లా. ఆపైన ఆకాశమంతా బంగారు ధాన్యం తూర్పారపట్టినట్టయింది. ఒక్కో ఈగ రెక్కల మీద ఎండ మెరుస్తూ, ఆ బూడిదరంగు ఎడారి నలుమూలల నుంచీ మా చిరుగుల వల వైపే వస్తున్నాయి. మధ్యాహ్నం దాకా ఆ ఊరు వాటికి తెలీదు. వాటిలో ఒక్కటీ ఆ కొండలు చూసి ఎరగదు. అయినా తిన్నగా తమ పెట్టె దగ్గరికే, పక్క పెట్టెకు కూడా కాదు. నేను ఏడాదికి రెండుసార్లు క్లాసులో ఈ పాఠం చెబుతాను, నల్లబల్ల మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. ఆ సాయంత్రం మాత్రం నాకేమీ తెలియదనిపించింది. గొట్టాలు పట్టుకున్నవాళ్ళంతా నీళ్ళు కట్టేసి చూస్తున్నారు. పోలీసాయన చొక్కా మీద ఒక ఈగ వాలితే ఆయన ఊపిరి బిగపట్టి, అది లేచిపోయేదాకా కదల్లేదు.

చీకటి పడేలోపు వల కుట్టేశాం. బండిని ఆ వాలు మీదికే తీసుకొచ్చాం. దుంగలు చక్రాలకు జానెడు ఎడంగా పెట్టాం. బాబాయి పాదం బ్రేకు మీద ఆపి, కడ్డీ లాగాడు. ఐదారు కిర్రులకే పట్టింది. న్యూట్రల్. ఇంజను ఆపాడు. పాదం తీశాడు. బండి ఒక్కసారి ఊగింది. నా గుండె కూడా. అంతే, ఆగిపోయింది. బాబాయి దిగొచ్చి మా పక్కన నిలబడ్డాడు. పోలీసాయన భుజం ఆనించి తోశాడు. హార్లన్ కూడా తోశాడు, మోకాళ్ళు ఎలా ఉన్నా. ఆ తర్వాత కాసేపు అందరం ఊరికే నిలబడి, కదలని బండిని చూశాం. కదలని వస్తువు అంత అందంగా ఉంటుందని ఎవరనుకుంటారు!

ఆ రాత్రి లొరైన్ ఇంట్లోనే పడుకున్నాం. తెల్లవారుజామున బయల్దేరబోతూ చూస్తే షెడ్డు చూరు కింద గుప్పెడు ఈగలు గుంపుగా ముడుచుకుని ఉన్నాయి. దారి దొరకనివి. బాబాయి ఆలోచించి ఒక పెట్టె దించి, షెడ్డు వెనక నీడలో పెట్టాడు.

"రాణి ఉంది, సంసారం ఉంది. వీటికి ఇల్లు దొరుకుతుంది" అన్నాడు లొరైన్‌తో. "మీకు అభ్యంతరం లేకపోతే."

"నాకు వీటి గురించి ఏమీ తెలీదే!"

"తిరిగి వెళ్ళేటప్పుడు ఆగి చెబుతాను."

బహుమతి అందుకున్న పిల్లలా ఆవిడ ఎర్రబడింది. అరవై ఏళ్ళ మనిషి అలా ఎర్రబడటం చూసి నేను అటు తిరిగాను.

మోంటానా

ఐడహో దాటి, ఇంకో కనుమ ఎక్కి దిగేసరికి సాయంత్రమైంది. మోంటానా గురించి ఏం రాయను? ఆకాశం అంత ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. కొండల నుంచి ఏరు దాకా జారే పచ్చిక వాలు, దాని నిండా అప్పుడే పూతకొస్తున్న క్లోవరు, ఈగలకు ఇష్టమైన పూల గడ్డి. బాబాయి బండిని సరిగ్గా ఆ వాలు మధ్యలో ఆపి, కడ్డీ లాగి, దిగాడు. వల తీసి పెట్టెలు ఒక్కొక్కటే దించి వరసలుగా పెట్టాం. మొదటి ఈగలు గుమ్మాల్లోకొచ్చి, పెట్టె వైపు మొహం తిప్పి గాల్లో ఊగుతూ ఆ కొత్త చోటును నేర్చుకుంటున్నాయి.

"ఏట్లో నీళ్ళు మంచుకరిగినవి. చల్లగా ఉంటాయి, రా" అన్నాడు బాబాయి.

బండిని అక్కడే వదిలి, ఇద్దరం పచ్చికలో కిందికి నడిచాం. ఏరు చేరేదాకా ఇద్దరిలో ఒక్కరం కూడా వెనక్కి తిరిగి చూడలేదు.